వెనక టైరు కింద రాయి

ఇంటికి వచ్చి మూడు రోజులైంది. డిక్కీలో మామిడిపళ్ల వాసన ఇంకా పోలేదు. నా కుడి చెయ్యి మోచేతి నుంచి వేళ్ల దాకా, ఎడమ చేతికంటే రెండు వన్నెలు నల్లబడి ఉంది. ఆ కథ తర్వాత వస్తుంది.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. లైసెన్సు తీసుకుని పద్నాలుగేళ్లైనా, ఎత్తు మీద బండి ఆపి మళ్లీ కదిలించాలంటే నాకు భయం. ఎనిమిదేళ్ల కిందట ఒక ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ట్రాఫిక్ ఆగింది. కదిలేటప్పుడు నా బండి జానెడు వెనక్కి జారి ఆటో ముందు చక్రానికి ఆనింది. ఆటోకి గీత కూడా పడలేదు. ఆటో అతను మాత్రం దిగొచ్చి, అద్దం మీద వేలితో కొట్టి, "రాకపోతే ఇంట్ల కూసోవాలె" అన్నాడు. చుట్టూ పది బళ్లవాళ్లు చూస్తున్నారు. ఆ రోజు నుంచి ఊళ్లో ఏ ఫ్లైఓవర్ ఎక్కే దగ్గర బళ్లు ఆగుతాయో నాకు కంఠతా వచ్చింది. కాలేజీకి పదకొండు కిలోమీటర్ల దారిని పద్నాలుగు చేసుకున్నాను. మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు గోడెక్కినట్టుంటుంది. పొద్దున వాచ్‌మన్ బండి పైకి తెచ్చి పెడతాడు, సాయంత్రం కిందికి దించుతాడు. నెలకి ఐదు వందలు. దాన్ని మా ఆయన 'భయం పన్ను' అంటాడు. ఆయనకి డ్రైవింగ్ రాదు. అందుకని సలహాలు బాగా ఇస్తాడు.

అమ్మకి డెబ్బై నాలుగు. "శ్రీశైలం ఒక్కసారి చూపించవే" అని ఉగాది నుంచి అడుగుతోంది. మోకాళ్లతో బస్సెక్కలేదు. డ్రైవర్ని మాట్లాడుకుందామంటే రోజుకి పన్నెండు వందలు, ఆ పైన తిండి, పడక. అమ్మ ఆశ్చర్యపోయింది. "నీకొచ్చుగా?" అంది. కాదని చెప్పడానికి నోరు రాలేదు.

బయల్దేరే ముందు వారం

కారుకి పదకొండేళ్లు. ఎండాకాలం కదా అని సర్వీసింగ్‌కి ఇచ్చాను. 6,800 బిల్లు, రెండు పేజీల కాగితం, 'వేసవి తనిఖీ పూర్తి' అని ఒక స్టిక్కరు. ఆ స్టిక్కరు సంగతి గుర్తుంచుకోండి.

అసలు తనిఖీ మా వీధి చివర పంక్చర్ షాపులో జరిగింది. గాలి కోసం వెళితే ఆ పెద్దాయన గొట్టం కింద పెట్టి, ముందు టైరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. మసి అంటిన బొటనవేలితో రబ్బరు రుద్దాడు. కోడిగుడ్డు ఆకారంలో చిన్న గడి, అందులో 2317 అని నాలుగంకెలు. "ఇరవై మూడో వారం, రెండువేల పదిహేడు. గుండు కాలే, మంచిగనే కనబడ్తది. కానీ ముసలిదైంది" అన్నాడు. గోరు పెట్టి గోడ దగ్గర నొక్కితే వెంట్రుక మందాన పగుళ్లు విచ్చుకున్నాయి. ఇన్నేళ్లుగా ఆ టైర్ల మీదే తిరుగుతున్నాను. వాటి మీద పుట్టినరోజు రాసి ఉంటుందని నాకు తెలీదు. ముందు రెండూ కొత్తవి వేయించాను, 7,200. స్టెప్నీలో గాలి పన్నెండుంది, ముప్పై మూడు ఉండాల్సిన చోట! గాలి పొద్దున్నే, బండి నడవకముందు చూసుకోమన్నాడాయన. ఎండలో నడిపాక చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని తీసేయిస్తే చల్లారాక తక్కువైపోతుంది. మెత్తటి టైరు రోడ్డు మీద ఇంకా వేడెక్కుతుంది. ఎండాకాలం టైర్లు పగిలేది గాలి ఎక్కువై అనుకునేదాన్ని. తక్కువై పగిలేవే ఎక్కువట.

కారులోంచి శానిటైజరు, సెంటు సీసా, దేవుడి దీపానికని పెట్టిన లైటరు తీసేశాను. సీట్ల మీద అమ్మ తన పాత నేత చీరలు రెండు పరిచింది. ఎన్ని కవర్లు కొన్నా ఎండకి కాలిన సీటు మీద నూలు చీరకి సాటి రాదు.

మే 8, హైదరాబాద్ నుంచి శ్రీశైలం

తెల్లవారుజామున ఐదింటికి వాచ్‌మన్ బండి పైకి తెచ్చాడు. అడవిలో బంకు దొరకదని ముందురోజే ట్యాంకు నింపాను. ఆంధ్రలో లీటరుకి రెండు రూపాయల దాకా ఎక్కువ కూడాను. తుక్కుగూడ దాటేసరికి తెల్లారింది. ఆమనగల్లులో టిఫిన్. ఇడ్లీ ముప్పై, పల్లీ చట్నీలో కారం దండిగా. హోటలావిడ నన్ను, అమ్మని, ఖాళీగా ఉన్న పక్క సీటుని చూసి, "మొగోళ్లు ఎవలు రాలేదా?" అంది. లేదన్నాను. "మంచిగైంది, ఎక్కడంటే అక్కడ ఆపుకోవచ్చు" అని ఇంకో గరిటె చట్నీ వేసింది.

డిండి దాటాక ఎండ ముదిరింది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడవి మొదలు. రాత్రి తొమ్మిదినుంచి పొద్దున ఆరు దాకా ఇక్కడ గేటు వేసేస్తారు, ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మే నెల నల్లమల పచ్చగా ఉంటుందనుకుని వెళ్లేవాళ్లు నిరాశపడతారు. టేకులన్నీ ఆకు రాల్చి ఎముకల్లా నిలబడ్డాయి, నేలంతా బూడిద రంగు. నాకు మాత్రం అదే నచ్చింది. ఆకులు లేవు కాబట్టి మలుపు అవతల వచ్చే బండి ముందే కనిపిస్తోంది. వటవర్లపల్లిలో చెట్టు కింద ఒకామె తునికి పళ్లు అమ్ముతోంది. దోసెడు ఇరవై. తోలు గట్టి, లోపల సపోటాకి చెల్లెలిలా ఉంది. అమ్మ గింజలు దాచుకుంది, ఎక్కడ నాటుతుందో మరి.

దోమలపెంట, ఈగలపెంట దాటి కృష్ణ దగ్గరికి దిగే ఘాట్ మొదలైంది. దిగడానికి నేను అంతగా భయపడను. పంక్చర్ పెద్దాయన చెప్పినట్టే రెండో గేరులో పెట్టి వదిలేస్తే ఇంజనే బండిని పట్టుకుని ఉంచింది. బ్రేకు మీద కాలు వేసి ఉంచక్కర్లేదు, అవసరమైనప్పుడు గట్టిగా నొక్కి వదిలేస్తే చాలు. మా ముందు వెళ్లే కొత్త కారు మాత్రం మలుపు మలుపుకీ ఎర్రలైటు వెలిగిస్తూనే ఉంది. కాలిన రబ్బరు లాంటి వాసన. అమ్మ ముక్కు మూసుకుని, "ఎవరో పప్పు మాడ్చారు" అంది.

మలుపు తిరగ్గానే ఆనకట్ట. పన్నెండు గేట్లూ పొడిగా, నీళ్లు ఎక్కడో లోతున. ఈ డ్యామ్ పని 1960లో మొదలై 1981లో పూర్తయింది. తన పెళ్లయ్యాక మొదటిసారి వచ్చినప్పుడు ఇంకా కడుతూనే ఉన్నారంది అమ్మ. వంతెన దాటితే లింగాలగట్టు. రోడ్డు పక్కన చేపలు వేయిస్తున్నారు. యాత్రకి వచ్చాం కాబట్టి అమ్మ అటు చూడలేదు, నేను చూశాను.

అక్కణ్నుంచి సున్నిపెంట దాకా ఎత్తు. పదకొండున్నర. పైన ఏదో లారీ ఆగిపోయిందట, ఒక్కో బండినే వదులుతున్నారు. సరిగ్గా మలుపు మధ్యలో, ఎత్తు మీద, నా ముందు బండి ఆగింది. నేనూ ఆపాను. అద్దంలో చూస్తే వెనక ఆర్టీసీ బస్సు. నాకూ దానికీ మధ్య ఒక మనిషి అడ్డంగా నడవగలిగినంత చోటు.

ముందు బండి కదిలింది. నేను బ్రేకు వదిలాను, క్లచ్ తొందరగా వదిలేశాను, బండి దభీమని ఆగిపోయింది. ఆగి, వెనక్కి జారింది. బ్రేకు తొక్కాను. మళ్లీ స్టార్ట్ చేశాను. మళ్లీ ఆగింది. బస్సు హారన్. దాని వెనక ఇంకో హారన్. చేతులు చెమటతో స్టీరింగ్ మీద జారుతున్నాయి. ఎడమ పక్కన లోయ ఉంది. దానివైపు నేను ఒక్కసారైనా చూడలేదు. చూసిందంతా అద్దంలో బస్సు మొహమే. పడిపోతామన్న ఆలోచనే రాలేదు. ఎనిమిదేళ్ల కిందటి ఆ వేలు అద్దం మీద ఎప్పుడు కొడుతుందా అని ఎదురుచూశాను. అన్నేళ్లూ భయమనుకున్నది సిగ్గేనేమో అని అప్పుడే, ఆ ఎండలో, మొదటిసారి అనిపించింది.

వేలు నిజంగానే కొట్టింది. కండక్టరు. అద్దం దించాను, తిట్లకి సిద్ధపడి. ఆయన నా వైపు చూడనే లేదు. రోడ్డు పక్కన తలకాయంత రాయి ఒకటి ఎత్తుకుని మా బండి వెనక్కి వెళ్లాడు. దాన్ని కాలితో టైరు కిందికి తోసిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి, చేతులు దులుపుకుంటూ, "రాయి వెట్టిన అక్కా. ఇగ ఎటూ పోదు. పరేషాన్ గాకు. హ్యాండ్ బ్రేకు గుంజు. క్లచ్ మెల్లగ లేపు, ముక్కు లేస్తది సూడు, అప్పుడు బ్రేకు వదులు" అన్నాడు.

ముక్కు లేస్తుంది! పద్నాలుగేళ్లలో నాకెవరూ ఈ మాట చెప్పలేదు. డ్రైవింగ్ స్కూల్లో హాఫ్ క్లచ్, హాఫ్ క్లచ్ అని అరిచారే తప్ప, అది వచ్చిందని ఎలా తెలుస్తుందో చెప్పలేదు. హ్యాండ్ బ్రేకు లాగాను. కొద్దిగా ఎక్సలరేటర్ ఇచ్చి క్లచ్ వెంట్రుకవాసి చొప్పున లేపాను. ఇంజన్ గొంతు సన్నం నుంచి లావైంది, కూనిరాగం గురక అయినట్టు. బోనెట్ అంచు, అద్దం మీద అతికించిన పసుపు బొట్టుకి కాస్త పైకి లేచింది. అదే ముక్కు. హ్యాండ్ బ్రేకు వదిలాను. బండి వెనక్కి రాలేదు. ముందుకి పోయింది.

థాంక్స్ చెబుదామని చూస్తే ఆయన రాయిని మళ్లీ రోడ్డు పక్కకి మోసుకుపోతున్నాడు. "రాయి రోడ్డు మీద వదిలిపెట్టలేదు చూశావా, మంచి పెంపకం" అంది అమ్మ.

ఆ ఆనందం పది నిమిషాలు. వేడి చూపించే ముల్లు సగం దాటి ఎక్కుతోంది. ఏసీ కట్టేసి, అద్దాలన్నీ దించి, హీటర్ ఫుల్లుగా పెట్టాను. ఇంజన్ వేడి కొంత లోపలికి లాగేస్తుందని ఎక్కడో చదివిన గుర్తు. మే నెల మిట్టమధ్యాహ్నం కాళ్ల మీదికి నిప్పుల గాలి. "నీకేమన్నా మతిపోయిందటే!" అని అమ్మ కాళ్లు సీటు మీద పెట్టేసుకుంది. ముల్లు మాత్రం అక్కడే ఆగింది. అలా సున్నిపెంట చేరాం.

మెకానిక్ షెడ్డు ముందు వేపచెట్టు. అతనికి పాతికేళ్లుంటాయి. అమ్మ నీళ్ల సీసా పట్టుకుని రేడియేటర్ వైపు వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ముట్టుకోవద్దవ్వా. ఇప్పుడు మూత తీస్తే మొహం మీదికి తంతాది." అరగంట ఊరికే కూర్చున్నాం. అతను మాకు మజ్జిగ తెప్పించాడు. అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయించి ఏసీ వేయమన్నాడు, తనేమో బోనెట్‌లోకి వంగి చూశాడు. "ఏసీ వేస్తే ముందర ఫ్యాన్ తిరగాల మేడమ్. తిరగడంలా." హైవే మీద గాలి దానంతటదే తగులుతుంది కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదట. ఎత్తు మీద మెల్లగా వెళ్లేటప్పుడు ఆ ఫ్యానే దిక్కు. ఫ్యూజు బాగానే ఉంది. మోటారుకి నేరుగా కరెంటిస్తే గిర్రున తిరిగింది. పోయింది రిలే, ఫ్యాన్‌కి కరెంటు వదిలే స్విచ్చు లాంటిది, అగ్గిపెట్టెలో సగముండే నల్లటి డబ్బీ. 'వేసవి తనిఖీ పూర్తి' స్టిక్కరు దానికి జానెడు దూరంలో మెరుస్తోంది.

కొత్త రిలే అతని దగ్గర లేదు. మూత తీసి లోపల వరసగా ఉన్న డబ్బీలు చూపించాడు. మా బండిలో హారన్‌దీ, ఏసీదీ, ఫ్యాన్‌దీ ఒకే రకం. ఒకదాని చోట ఇంకోటి పెట్టుకోవచ్చు. హారన్‌ది తీసేద్దాం, మనకెందుకు హారన్ అన్నాను. హారన్ల మీద అప్పటికి నాకున్న కసి అది. అతను నవ్వలేదు. "మూలమలుపుల్లో హారన్ లేకుంటే యెట్టా మేడమ్? ఏసీది తీద్దాం. చెమట పడితే తుడుచుకోవచ్చు."

వంద తీసుకున్నాడు. మజ్జిగకి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

మే 9, శ్రీశైలం

బండి కదల్లేదు. కదలనివ్వలేదు. అమ్మ మల్లన్న దగ్గర పది నిమిషాలు, భ్రమరాంబ దగ్గర అరగంట నిలబడింది. నాకు గుడి కంటే ప్రాకారం గోడ నచ్చింది. బయటివైపు బారులు బారులుగా ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు. నీడ ఏ వైపు ఉంటే ఆ వైపు నడుస్తూ పొద్దంతా గడపొచ్చు. నేల మీద పరిచిన పట్టాలు దాటితే అరికాళ్లు పెనం మీద పెట్టినట్టే. ఒక పూజారిగారు తడి తువాలు ముందు వేసుకుని, దాని మీద అడుగేసి, వెనక ఇంకోటి తీసి ముందు వేసుకుంటూ దాటారు. అమ్మ అదే పద్ధతి కొంగుతో ప్రయత్నించి నా చేత తిట్లు తింది.

మధ్యాహ్నం అన్నదానంలో పక్కన కూర్చున్న కన్నడ దంపతులు, మా ఇద్దరి ఆకుల్లో మిగిలిన చోటు చూసి వాళ్ల మూటలోంచి ఎండు జొన్నరొట్టెలు విరిచి పెట్టారు. కర్ణాటక నుంచి ఉగాదికి నడిచి వచ్చేవాళ్లు ఇలాంటి రొట్టెలే తెచ్చుకుంటారట. పప్పులో నానబెడితే బిస్కెట్టు కంటే నయం.

మే 10, దోర్నాల ఘాట్, ఆత్మకూరు, నంద్యాల

ఆరింటికి గేటు తీయగానే బయల్దేరాం. సాక్షి గణపతి దగ్గర అమ్మ దిగి హాజరు వేయించుకుంది. శ్రీశైలం వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే దేవుడాయన, చేతిలో పుస్తకం, కలం. "నిన్నూ రాసుకోమన్నాను, డ్రైవరని" అంది. శిఖరం దగ్గర నంది కొమ్ముల మధ్య నుంచి గోపురం కనిపిస్తే మళ్లీ జన్మ ఉండదంటారు. అమ్మకి కనిపించిందట. నాకు పొగమంచులాంటి వేడి తప్ప ఏమీ కనిపించలేదు. నేను మళ్లీ పుట్టాలి కాబోలు, బహుశా ఏదైనా చదునైన ఊళ్లో.

ఏసీ లేని ఘాట్ ఇంత బాగుంటుందని తెలిస్తే ఎప్పుడో తీసేయించేదాన్ని. అద్దాలన్నీ దించి, కుడి మోచెయ్యి బయటికి ఆనించి, రెండో గేరులో దిగుతుంటే అడవి చెవిలోకి వచ్చింది. నెమలి అరుపు, ఎండుటాకుల మీద ఏదో పరుగెత్తిన చప్పుడు, కింద మలుపులో ఎవరిదో హారన్. అద్దాలు మూసుకుని నడిపినన్నాళ్లూ హారన్ అంటే నా మీద కోపం అనుకున్నాను. ఇక్కడ అందరూ ప్రతి మలుపుకీ ఒకసారి కొట్టి వదులుతున్నారు, వస్తున్నానహో అన్నట్టు. నేనూ కొట్టాను. కింద నుంచి జవాబొచ్చింది. నాలుగైదు మలుపులయ్యాక ఎంత సేపు కొడితే ఎంత పెద్ద బండో కూడా తెలిసిపోయింది. తుమ్మలబయలు దగ్గర ఎత్తు మీద కోతుల గుంపుకోసం ఆగాల్సి వచ్చింది. హ్యాండ్ బ్రేకు, ముక్కు, వదులు. ఒకసారి ఆగిపోయింది, రెండోసారి కదిలింది. వెనక ఎవరూ లేరు కాబట్టి దీన్ని పెద్ద విజయం కింద రాసుకోలేను.

దోర్నాలలో దోసె తిని ఆత్మకూరు వైపు మళ్లాం. అదీ అడవి దారే, బైర్లూటి మీదుగా. ఆత్మకూరు దాటాక అడవి తెర తీసేసినట్టు పోయి, నల్లరేగడి మీద ఎండ విరుచుకుపడింది. పదకొండున్నరకి నంద్యాల. ఫోను నలభై నాలుగు చూపిస్తోంది. ఆగి ఉన్న బండిలో కూర్చుంటే కుక్కర్లో కూర్చున్నట్టే. అమ్మ తడిపిన తువాలు నెత్తిన కప్పుకుని కిమ్మనకుండా కూర్చుంది. అమ్మ మాట్లాడలేదంటే ఎండ ఎంతుందో అర్థం చేసుకోండి. ఆ నిశ్శబ్దానికి నాకు ఘాట్‌లో వేయని భయం వేసింది. మొదట కనిపించిన నన్నారి షర్బత్ బండి దగ్గర ఆపాను. నిమ్మకాయ, సబ్జా, చల్లటి సోడా, మట్టి వాసన లాంటి ఆ సుగంధి వేరు వాసన. గ్లాసు ఇరవై. రెండో గ్లాసు సగంలో అమ్మ, "చక్కెర ఎక్కువేశాడు" అంది. హమ్మయ్య అనుకున్నాను.

రిలే 280. షాపతను వెనక్కి తిప్పి చూసి ఇచ్చాడు. "యాడ్నుంచి వచ్చినారు? శ్రీశైలం మింద నుంచి ఏసీ లేకుండానా? గట్టోళ్లే" అన్నాడు. పాత రిలే తీసి కొత్తది పెట్టడం నేనే చేశాను, సున్నిపెంటలో చూసిన గుర్తుతో. టక్కుమని కూర్చుంది. ఏసీ వేసి, దిగి, బోనెట్‌లోకి వంగి చూశాను. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఫ్యాన్ బుర్రుమంది. రోడ్డు మీద ఒక్కదాన్నే నిలబడి ఫ్యాన్‌ని చూసి నవ్వుతుంటే అటుగా పోయేవాళ్లు ఏమనుకున్నారో.

సాయంత్రం మహానంది. చుట్టూ అరటితోటలు, గుళ్లో కోనేరు. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున పడ్డ రూపాయి బిళ్ల బొమ్మా బొరుసా చెప్పొచ్చు. ఎండాకాలం ఊరంతా ఎండినా ఆ ధార ఆగదు, బయటికి వెళ్లి ఆ తోటలకే పారుతుంది. బయటి గుంటలో కాళ్లు పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చున్నాం. అమ్మ తన మోకాళ్లని నీళ్లలో చూసి, "నీ బండికే కాదే, నాకూ పోయాలి కూలెంటు" అంది.

మే 11, బనగానపల్లె, యాగంటి

పొద్దున నంద్యాలలో ఉగ్గాని, బజ్జీ. నానబెట్టిన బొరుగులకి పసుపు, నిమ్మ, పుట్నాల పొడి, పక్కన వేడి మిరపకాయ బజ్జీ. నలభై రూపాయలు. కృష్ణా, గుంటూరు వాళ్లకి ఇది తెలియకపోవడం మా దురదృష్టం అనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు, "బొరుగులు తడిస్తే మా ఇంట్లో పారేసేవాళ్లం" అంది, రెండో ప్లేటు తింటూ.

యాగంటి బసవన్న పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారు చెప్పారంటారు. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లట, ఇప్పుడు స్తంభానికీ ఆయనకీ మధ్య మనిషి పట్టడు. ఇక్కడ కాకులు ఉండవంటారు. గంటసేపు చూశాను, నాకూ కనిపించలేదు. కొండ కింద కోనేటి నీళ్లు చల్లగా ఉన్నాయి, ఆ సంగతికి సాక్ష్యం నేనే.

తిరిగొస్తూ, వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారనే రవ్వలకొండ చూద్దామంది అమ్మ. ఫోను చెప్పిన దారి నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల మధ్యకి తీసుకెళ్లింది. ఇరువైపులా బండలు దొంతరలు, బండి పట్టేంత సందు, నేలంతా తెల్లటి బురద. చివర ఎదురుగా బండలు నింపిన ట్రాక్టరు. అది వెనక్కి పోలేదు, నేనే పోవాలి, రెండు వందల గజాలు. మెడ తిప్పి చూస్తే అంతా బండల అంచులే. లుంగీ ఎగ్గట్టుకున్న కుర్రాడొకడు ఎక్కణ్నుంచో వచ్చి వెనక నిలబడ్డాడు. "రా అక్కా రా... కొట్టు, ఇంకా కొట్టు... సీదా చెయ్యి... రా" అని చేత్తో బండి డిక్కీ మీద తడుతూ, ఆవుని ఇంటికి తోలినట్టు తోలాడు. ఒక్కచోట ఎడమ అద్దం బండకి రాసుకుంది. అర్ధచంద్రాకారంలో గీత పడింది, ఇప్పటికీ ఉంది. ట్రాక్టరు అతను మమ్మల్ని దాటుతూ చెయ్యెత్తాడు. వేలెత్తలేదు. రవ్వలకొండ మాత్రం చూడలేదు. దారి బతిమాలి అడిగేంత ఓపిక ఇద్దరికీ అయిపోయింది.

మామిడిపళ్లు కొనకుండా బనగానపల్లె నుంచి వస్తే పాపం. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బంగినపల్లి, దాని సొంతూళ్లో కిలో అరవై చెప్పి యాభైకి ఇచ్చారు. ఇరవై కిలోలు. గంప ఎత్తుతూ తోట ఆయన, "ఎండలో బండి ఆపితే డిక్కీలో ఉడికిపోతాయి, ఆగబాకండి" అన్నాడు. ఆయన మాటలో 'బాకండి' వినగానే అమ్మ మొహం వెలిగింది. గుంటూరు వైపు చుట్టరికం ఏదో బయటపడింది, అరగంట ఆగాం. పళ్లు కొంచెం ఉడికాయి.

మే 12, కర్నూలు మీదుగా ఇంటికి

దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నాలుగు వరసల రోడ్డు, ఎండ, బీచుపల్లి దగ్గర మళ్లీ కృష్ణ. ముల్లు సగంలో కదలకుండా ఉంది. రెండు గంటలకోసారి ఆగి టైర్ల మీద చెయ్యి పెట్టి చూశాను, అవసరం ఉన్నా లేకపోయినా. మొత్తం ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు, పెట్రోలు 5,600, మెకానిక్‌కి 100, రిలే 280. సర్వీసింగ్ 6,800 ఏ ఖాతాలో రాయాలో తెలియలేదు.

సాయంత్రం గేటు ముందు వాచ్‌మన్ అలవాటుగా తాళాల కోసం చెయ్యి చాపాడు, ఇచ్చేశాను. అమ్మని, మామిడి గంపని దింపుకుంటూ ర్యాంపు మీద ప్రయోగాలు చేసే ధైర్యం లేదు.

మర్నాడు పొద్దున నేనే కిందికి వెళ్లాను. సగం ఎక్కాక గేటు ముందు స్కూలు ఆటో అడ్డమొచ్చింది. ఆపాను. వెనక మూడో అంతస్తు ఆయన కారు, ఆఫీసుకి ఆలస్యమైన మొహం. హారన్. హ్యాండ్ బ్రేకు లాగాను. ఒకసారి ఆగిపోయింది. రెండోసారి ఆగిపోయింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. తలుపు తీస్తాడనుకుంటే, గోడ పక్కనున్న సిమెంటు ఇటుక తెచ్చి వెనక టైరు కింద పెట్టాడు. అమ్మ రాత్రే వాడికి కథంతా చెప్పినట్టుంది.

మూడోసారికి ముక్కు లేచింది. పైకి వచ్చాక అద్దం దించి, ఆ ఇటుకని అక్కడే ఉంచమని చెప్పాను.